తెర దాటే మూట

ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్ళే మనిషి చేతిలో ఏం పట్టుకుని వెళ్ళాలన్నదే, నిప్పు పుట్టిన నాటి నుంచి నేటి వరకు, నాగరికతను వేధిస్తున్న ఏకైక మౌలిక ప్రశ్న. రాజ్యాలు, ధర్మశాస్త్రాలు, ఆత్మ ఉందా లేదా అన్న చర్చలు, అన్నీ దీని తర్వాతే. కత్తెర కోసమని లోపలి గదిలోకి నడిచి, గుమ్మం దాటిన క్షణంలోనే ఎందుకు వచ్చామో మరచి, కాసేపు గోడను పరిశీలించి, చివరికి దువ్వెన పట్టుకుని తిరిగివచ్చిన అనుభవం లేని మహానుభావులు ఎక్కడైనా ఉంటే వారికి నా నమస్కారాలు. ఆ మతిమరుపుకు విరుగుడు చేయడం నా వృత్తి. యాప్‌లు రాస్తాను. ఒక తెర మీద వేలు పెడితే రెండో తెర తెరుచుకుంటుంది. ఆ రెండో తెర అప్పుడే పుట్టిన పసిగుడ్డు, మొదటి తెర మీద ఎవరు దేన్ని నొక్కారో దానికి తెలియదు. కనుక దాన్ని నిద్రలేపేటప్పుడే చేతిలో ఒక చిన్న మూట పెట్టాలి. మూట విప్పి చూసుకుని, ఓహో నేను ఫలానా వారి కోసం తెరుచుకున్నానన్నమాట, అని అది గ్రహిస్తుంది. ఆ మూటలో ఏం కట్టాలో నిర్ణయించే సర్వాధికారం పదేళ్ళుగా నాది. ఆ సర్వాధికారాన్ని తలుచుకునే ఇప్పుడు, మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు, ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో, మంచాలను వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాను.

గోడ వారగా ఉక్కు కుర్చీలు నాలుగు. మూడోదానికి కాలు వదులు, అందరూ వదిలేయగా నాకు మిగిలింది. ఎదురుగా స్త్రీల వార్డు అద్దాల తలుపు. మూడు నుంచి నాలుగు వరకు రోగులకు విశ్రాంతి, చుట్టాలకు బహిష్కారం. అద్దానికి అవతల మూడో మంచం మీద మా అక్క. మొన్న బుధవారం చేర్చాం, నిన్న పొట్ట కోసి రాళ్ళు నిండిన పిత్తాశయాన్ని తీసేశారు; ఆ రాళ్ళను సీసాలో వేసి చూపిస్తే, "మీ బావ మాటలన్నీ ఇన్నేళ్ళూ ఎక్కడ దాచుకున్నానో ఇప్పుడు తెలిసిందే" అని నవ్వబోయి, కుట్లు లాగి, నవ్వును సగంలోనే మింగేసింది. రెండో మంచం ఆవిడ లెక్కల టీచరు. నెత్తురు గడ్డకట్టకుండా పలచబరిచే మందు వాడుతున్నారు. నాలుగో మంచం మామ్మగారికి కాలి పుండు మానడానికి ఒక జాతి యాంటీబయాటిక్ మందు. ఆ జాతి మందు మా అక్కకు పడదు, చిన్నప్పుడు ఒక్కసారి వేస్తే పెదవులు ఉబ్బి, గొంతు పూడుకుపోయి, నాన్న చేతుల్లో నీలంగా మారింది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, వార్డులో రెండు రోజులు కూర్చున్నవారికి తెలియనిది ఉండదు. ఎవరి కడుపులో ఏముందో, ఎవరి కోడలి కడుపులో ఏముందో కూడా తెలుస్తుంది. మూడింటికి పది నిమిషాల ముందు నర్సమ్మ వచ్చి, నాలుగింటి మందుల కోసం బండి సర్దుతూ, దాని మీద ఒక ట్యాబ్ నిలబెట్టింది. ఆకుపచ్చ తెర. ఆ ఆకుపచ్చను ఎంచుకోవడానికి పదకొండు సమావేశాలు జరిపాం. లోకంలోని సమస్త ఆకుపచ్చల మధ్యా దాన్ని గుర్తుపట్టగలను. "అక్కా, అది నేను రాసిందే!" అన్నాను, బహుమతి కప్పు ఇంటికి తెచ్చిన పిల్లలా. "ఓహో. అయితే నా ప్రాణం నీ చేతిలో ఉందన్నమాట, టపా," అంది అక్క. అంతే. ఆ మాట చెవిలో పడగానే మళ్ళీ తెర వైపు చూశాను. తెర మీద అందరి పేర్లకూ పైన, గిరజాల అక్షరాలతో, ఒక నమస్కారం కనిపించింది. అప్పుడే తలుపు దగ్గరి మనిషి టైమైందన్నాడు, నన్ను బయటికి పంపాడు, తలుపు వేశాడు.

ఆ నమస్కారానికో చరిత్ర ఉంది. మా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన నోట గడువు అనే మాట తప్ప మరో మాట రాదు కనుక అందరం గడువు మామ అంటాం, ఆయనకూ తెలుసు, గర్విస్తాడు. మూడు నెలల క్రితం సంగతి, యాప్ ఆసుపత్రి చేతికి వెళ్ళేది బుధవారం. మంగళవారం సాయంత్రం నా వెనక నిలబడి, గొంతు సవరించుకుని, "అమ్మాయ్, తెరవగానే రోగుల పేర్లు మొహాన కొట్టినట్టున్నాయి. పైన ఓ నమస్కారం, ఈ రోజు ఫలానా వారం అని ఓ ముక్క, ఉంటే నిండుగా ఉంటుంది," అన్నాడు. పిన్ని మళ్ళీ పరీక్షించాలి కదండీ అన్నాను. పిన్ని అంటే మా పరీక్షకురాలు, శంకల పిన్ని; చేతికిచ్చిన ప్రతి వస్తువునూ అది తనను చంపడానికే వచ్చిందన్నట్టు చూసే మనిషి; సోమవారమే పరీక్షలన్నీ ముగించి, ఆ రోజు సెలవులో ఉంది. "ఒక్క వరుసకి పరీక్షేమిటి! పేరుపలక తగిలిస్తే ఇల్లు కూలుతుందా?" అన్నాడు మామ. నేను తగిలించాను. నిండుగానే ఉంది. ఆ నిండుదనం కింద ఇప్పుడు ఒక్కొక్క పేరూ ఒక్కో మెట్టు జారిపోతోంది, నా కళ్ళ ముందే, గుండెల్లోంచి కిందికి, ఎందుకంటే ఆ మూటలో నేను కట్టింది పేరు కాదు.

పేరు కాదు, ఆసుపత్రివాళ్ళు ప్రతి మనిషికీ ఇచ్చే నంబరూ కాదు. ఆ నంబరు పుట్టుమచ్చ లాంటిది, మనిషి ఎక్కడికి పోయినా వెంటే ఉంటుంది, కట్టాల్సింది దాన్నే. నేను కట్టింది జాబితాలో ఎన్నో వరుస నొక్కారన్న అంకె. మూడో వరుస నొక్కితే మూడు. రెండో తెర ఆ అంకె తీసుకుని, రోగుల్లో మూడోవారెవరా అని లెక్కపెట్టుకుని, వారి మందులు చూపిస్తుంది. సులువు. తొందరలో ఉన్నవాళ్ళకు అన్నీ సులువే. దాని పక్కనే, నాకు నేను రాసుకున్న చీటీ కూడా ఉంది: తర్వాత సరిచేయాలి. తర్వాత అన్నది మా వృత్తిలో ఒక పుణ్యక్షేత్రం. అందరూ వెళ్తామంటారు, వెళ్ళివచ్చినవారు లేరు. మరి నమస్కారం కూడా ఒక వరుసే కదా. అది మొదటి స్థానంలో కూర్చుంటే కిందివాళ్ళంతా ఒక్కొక్క స్థానం జరిగారు. రోగుల లెక్క మాత్రం జరగలేదు. అంటే మూడో మంచం పేరు నొక్కితే నాలుగో మంచం మందులు వస్తాయి. ఒకటి తీసేశానా? నమస్కారం పెట్టిన చేత్తో ఆ అంకెలోంచి ఒకటి తీసేసి లెక్క సరిచేశానా? తీసేసే ఉంటాను. అంత మాత్రం తోచదా? తోచిందా? వేళ్ళకు జ్ఞాపకం లేదు. ఆ సాయంత్రం కిటికీ బయట ఎవరో స్కూటరును తన్నుతున్నారు, అది స్టార్ట్ కావడం లేదు, అది జ్ఞాపకం ఉంది. మామ పూసుకున్న అత్తరు జ్ఞాపకం ఉంది. ఒకటి తీసేసింది మాత్రం లేదు. పోనీ మందుల తెర మీద రోగి పేరైనా ఉంటే నర్సమ్మ కనిపెట్టేది. అదీ లేదు. పేరు ముందు తెరలో చూశారు కదా, మళ్ళీ ఎందుకు, అక్షరాలు గుబురుగా ఉంటే ఏం బావుంటుంది, అని దాన్ని తీయించిందీ మామే. మందులు మాత్రం ఇంతింత అక్షరాలతో, బావుంటాయి.

మూడో వరుస. మూడో బెంచీ. టీచరు రాలేదని మా తరగతినీ అక్క తరగతినీ ఒకే గదిలో కుక్కిన రోజు, పెద్ద మాస్టారు కిటికీలోంచి చూశారు. నేను బల్ల మీద చాకుతో చెక్కుతున్నాను, నా పేరే, ఎంత తెలివి. "మూడో బెంచీ, రెండో పిల్ల, లే," అన్లేదు ఆయన. ముందు బెత్తం తెచ్చుకుందామని వెళ్ళారు, స్థానం గుర్తుపెట్టుకుని, మొహం గుర్తుపెట్టుకోకుండా. ఆయన వరండా చుట్టి తిరిగి వచ్చే ఆ అర నిమిషంలో వెనక బెంచీలోంచి అక్క లేచి వచ్చి నన్ను తుంటితో పక్కకు తోసి నా చోట కూర్చుంది. చెప్పనైనా లేదు. "మూడో బెంచీ, రెండో పిల్ల," అన్నారు ఆయన, గుమ్మంలో. అక్క చెయ్యి చాపింది. ఆరు దెబ్బలు. సాయంత్రం ఇంటికి నడుస్తూ, ఆ చేతిని గాలిలో విదిలిస్తూ, "నువ్వయితే రెండో దానికే పడిపోయేదానివే, చీపురుపుల్లా," అంది. ముప్ఫై ఏళ్ళు గడిచాయి. స్థానం చూసి మనిషిని పట్టుకునే వాళ్ళు ఎంత ప్రమాదకరమో ఆ రోజే తెలుసుకోవలసినదాన్ని. తెలుసుకోకుండా, పెద్ద మాస్టారి కంటిచూపునే యంత్రంగా చేసి, ముప్ఫై మంచాల వార్డుకు అందజేశాను. మళ్ళీ అక్కే కూర్చుంది ఆ చోట. గడియారంలో పెద్ద ముల్లు కదిలినప్పుడల్లా చిన్న చప్పుడవుతోంది, నాలుక అంగిట్లో అతుక్కుని ఊడినట్టు. మూడూ పదిహేడు.

లేచి ఆ తలుపు కొట్టాలి. కొట్టి, అమ్మా, ఆ ట్యాబ్‌ను నమ్మకండి, అది నేను రాశాను, అందులో తప్పుంది, అనాలి. పది మాటలైనా లేవు. కుర్చీ నన్ను వదలడం లేదు. నోటితో చెప్పవలసిన మాటను నోటితో చెప్పకపోవడం మా ఇంటి విద్య. అమ్మా నాన్నా మాట్లాడుకోని కాలం ఒకటుంది, ఎనిమిది నెలలు. ముందు గదికీ వంటగదికీ మధ్య మేమిద్దరమే మూటలు మోశాం. "మీ నాన్నకి చెప్పు, భోజనం చల్లారుతోందని." "మీ అమ్మకి చెప్పు, నాకు ఆకలి లేదని." నేను అక్షరం పొల్లుపోకుండా మోసేదాన్ని, విరుపుతో సహా, అందుకే అక్క పెట్టిన పేరు, టపా. అక్క మాత్రం నడవాలో ఒక్క క్షణం ఆగి, మూట విప్పి, రాయి తీసి పారేసి, "నాన్న రెండు నిమిషాల్లో వస్తానన్నారమ్మా," అని అందించేది. ఒకసారి అక్క ఊళ్ళో లేనప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. నాన్న ఒక మాట అన్నారు, నేను ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళాను. అమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది, నెమ్మదిగా, చప్పుడు లేకుండా. ఆ నెమ్మదంటే నాకు ఇప్పటికీ భయం. ఏం మోశానో నాకే అర్థం కాలేదు. తప్పు మూటలో ఉన్నా తీసుకెళ్ళేవాడి చేతులు మాత్రం శుభ్రంగానే ఉంటాయి. అదే ఈ వృత్తిలోని సుఖం.

ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచాను. సెలవు పెట్టినా వదలని చుట్టం అది. వెతికాను. ఒకటి తీసేయలేదు. మూడు నెలలుగా తీసేయలేదు. ఆ వరుస నన్ను చూస్తోంది, చంటిపిల్లలా, ఏ పాపం ఎరుగనట్టు. వరుస అంకె తీసి, ఆసుపత్రి నంబరు కట్టాను. రెండో తెరకు ఆ నంబరుతోనే మనిషిని వెతకమని చెప్పాను. నాలుగు నిమిషాల పని. మూడు నెలలుగా నాలుగు నిమిషాలు దొరకలేదు. పిన్ని ఔనంటే తప్ప మార్పు బయటికి వెళ్ళదు, ఫోన్ చేశాను.

"పిన్నీ, ఒక మార్పు పంపాను. వెంటనే ఔనను."

"ఎవరినైనా చంపావా?"

"ఇంకా లేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. చదువుతోంది. "అయ్యో నా తల్లీ," అంది చివరికి, చాలా నెమ్మదిగా, అమ్మ గిన్నె కింద పెట్టినంత నెమ్మదిగా. "ఇరవై నిమిషాలు ఇవ్వు, చూడందే అనను. వార్డు వాళ్ళకి చెప్పావా?"

"చెప్తాను. సరిచేశాక..."

"సరిచేశానని కాదే. తప్పుందని."

సిగ్నల్ సరిగా లేదన్నాను. సిగ్నల్ దివ్యంగా ఉంది. ఆ ఇరవై నిమిషాలూ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. అద్దం వెనక అక్క నిద్రపోతోంది, నోరు కొంచెం తెరిచి, దెబ్బలు తిన్న ఆ అరచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పెట్టుకుని. నాలుగో మంచం మామ్మగారు లేచి కూర్చుని పైకప్పుతో ఏదో వాదిస్తున్నారు. టీచరు దినపత్రిక మడిచి మొహం మీద కప్పుకున్నారు. బండి గోడ పక్కన, ఆకుపచ్చగా, ఓపిగ్గా. ఎవరో లిఫ్టులోంచి దిగి నవ్వుకుంటూ పోయారు. నవ్వగలిగే మనుషులు ఇంకా ఉన్నారని ఆశ్చర్యపోయాను. మూడూ నలభై ఆరుకి పిన్ని ఔనంది. నేను పంపాను. లోకంలోని ఏ ట్యాబ్‌లో మా ఆకుపచ్చ ఉందో దానికల్లా, గాలిలో, నా పశ్చాత్తాపం బయలుదేరింది. ఆ క్షణంలో నా అంత గొప్ప మనిషి మరొకరు లేరు. ఎవరికీ తెలియకుండా ఒక వార్డును కాపాడాను. నోరు విప్పకుండా, ఎవరి ముందూ తల దించకుండా, ఏ చక్రవర్తీ ఇంత శుభ్రంగా యుద్ధం గెలవలేదు. వదులు కాలు కుర్చీలో సింహాసనంలోలా వెనక్కి వాలాను, పడబోయి ఆగాను.

నాలుగింటికి రెండు నిమిషాలుండగా తలుపు తీశారు. బండి కదిలింది, ఒక చక్రం కీచుమంటోంది. నర్సమ్మ మొదటి మంచం దగ్గర ఆగి తెర మీద వేలు పెట్టింది. పేరు మీద కాదు. నమస్కారం మీద. నేను దగ్గరగా వెళ్ళాను. నమస్కారం నొక్కడమేమిటి? ఆవిడ మందు ఇచ్చి, బండి తోసి, రెండో మంచం దగ్గర మొదటి మంచం ఆవిడ పేరు నొక్కబోయింది.

"అదేమిటమ్మా," అన్నాను, "ఆవిడ పేరు కాదు కదా అది?"

"దీనికో పిచ్చి ఉందండీ," అంది ఆవిడ, కన్ను ఎత్తకుండా, పెంకి పిల్లాడి గురించి చెప్పే తల్లిలా. "పై పేరు నొక్కితే కిందావిడ వస్తుంది. మొదటి మంచం కావాలంటే ఈ నమస్కారం నొక్కాలి. చివరి పేరు నొక్కామా, మూసుకుని పడుకుంటుంది. మొదటి రోజే పట్టేశాం లెండి, మామ్మగారి వయసావిడకి బాలింత మందు రాసి చూపించింది! ఫోన్ చేసి చెప్తే మీ అభిప్రాయం మాకు అమూల్యం అన్నారు. ఇప్పుడు అలవాటైపోయింది. కొత్తవాళ్ళకి కూడా ఇలాగే నేర్పిస్తాం."

మూడు నెలలుగా ముప్ఫై మంచాల వార్డు నా తప్పును కంఠస్థం చేసి, దానికి ఎదురు తప్పు కట్టి, ఆ రెండు తప్పుల మీద నిక్షేపంగా నడుస్తోంది. నేను ఇప్పుడే, పన్నెండు నిమిషాల క్రితం, అందులో ఒక తప్పును సరిచేశాను. పై పేరు నొక్కితే ఇక పై మనిషే వస్తుంది. మూడో మంచానికి టీచరుగారి పేరు నొక్కుతుంది. నెత్తురు పలచబరిచే మందు. నిన్న కోసి కుట్టిన పొట్ట. తెర మీద పేరుండదు. అక్క చెయ్యి చాపుతుంది, నవ్వుతూ, అలవాటే కదా ఆ చెయ్యి చాపడం. నేను వేసుకున్నంత భద్రంగా ఎవరూ ఉరి వేసుకోలేరు. టీచరుగారికి మందు ఎప్పుడిచ్చిందో చూడనే లేదు, బండి కీచుమంది. మూడో మంచం. అక్క కళ్ళు తెరిచి, "ఏమే టపా, ఆ మొహమేంటి, ఎవరైనా పోయారా?" అంది. నర్సమ్మ వేలు టీచరుగారి పేరు మీదికి దిగుతోంది.

"ఆగండి!" అన్నాను. వార్డంతా తిరిగి చూసింది. మామ్మగారు పైకప్పుతో వాదన ఆపారు. "అది నేను రాశాను. ఆ యాప్. తప్పు నాదే. వరుస లెక్క కట్టాను, మనిషిని కట్టలేదు. ఇప్పుడే సరిచేసి పంపాను, మీకు చెప్పకుండా. ఇక పై పేరు నొక్కితే పై ఆవిడే వస్తుంది. నొక్కకండి. దయచేసి నొక్కకండి." పది మాటల కన్నా ఎక్కువే అయ్యాయి. నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది, ట్యాబ్‌ను చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"కొత్తది వచ్చింది, వేసుకుంటారా అని అడుగుతుంది, అదేనా?" అంది. "వచ్చిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉందండీ. ఇందాక కూడా అడిగింది. మేం 'తర్వాత' అని నొక్కేస్తాం." వేలు దించింది. తెర తెరుచుకుంది. అక్కకు రాసిన నొప్పి మాత్ర, ఇంతింత అక్షరాలతో, ఒక్కటే. ఆవిడ మంచం కాళ్ళ దగ్గర వేలాడే కాగితంతో పోల్చి చూసి, మాత్ర అక్క చేతిలో పెట్టింది. అక్క మింగింది. నా 'తర్వాత'ను ఆవిడ 'తర్వాత' కాపాడింది.

"ఈ రోజుకు అలాగే నొక్కుతూ ఉండండి," అన్నాను, పదేళ్ళ వృత్తిజీవితంలో ఏ సమావేశంలోనూ పలకని వినయంతో. "నేను అందర్నీ కూర్చోబెట్టి చెప్పేదాకా దాన్ని వేసుకోకండి."

"సరే గానీ, మీరే రాశానన్నారు కదా," అంది నర్సమ్మ, బండి పిడి మీద మోచేతులు ఆనించి, నాకు మళ్ళీ ఊపిరాగేంత గంభీరంగా. "మూడు నెలలుగా ఎవర్నడగాలో తెలీక ఊరుకున్నాం. ఆ పైన ఉన్నది కాస్త మార్చిపెట్టండి."

చూశాను. గిరజాల అక్షరాలతో, నిండుగా, ఇలా ఉంది: నమస్కారం, ఈ రోజు మంగళవారం.

ఈ రోజు శుక్రవారం.